కొండ లైనులో వచ్చిన గొంతు

హెడ్‌ఫోన్‌లో ఆ దగ్గు వినగానే గంటమ్మకు ఒళ్ళు జల్లుమంది.

మొగుడి దగ్గు పెళ్ళానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ముందు చిన్నది ఒకటి, కాస్త ఆగి పెద్దది ఒకటి, చివర ‘ఊఁ’ అని ఒక సవరింపు. పెళ్ళైన నాటి నుంచీ స్నానాల గదిలోంచీ మెట్ల మలుపులోంచీ వింటున్న దగ్గు. అది ఇప్పుడు పట్టపగలు ఆఫీసు ఫోనులోంచి, అదీ కొండ లైనులోంచి వచ్చింది.

“హలో... శక్తి చికిత్స చేస్తారట, అక్కడేనా అండీ?” అన్నాడాయన.

గంటమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే బిగుసుకుపోయింది. కానీ నోరుంది చూశారూ, దానికి అదురూ లేదు, బెదురూ లేదు. అలవాటు కొద్దీ అదే మాట్లాడేసింది.

“నమస్కారం. కొండగాలి కేంద్రానికి స్వాగతం. ఒక్కసారి నిండుగా ఊపిరి తీసుకోండి. ఇప్పుడు చెప్పండి, మనసులో ఏముంది?”

అవతల ఆయన నిజంగానే నిండుగా ఊపిరి తీసుకున్నాడు. ఊపిరి చివర గొంతులో ఏదో గీరుకున్న చప్పుడైంది. పాపం, ఎవరేం చెప్పినా చేసే మనిషి.

పెళ్ళాం గొంతు ఆయన గుర్తుపట్టలేదా అని మీకు అనుమానం రావచ్చు. ఇంట్లో ఆమెను గంటమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ఆడపడుచు. ఈమె నోరు విప్పితే నాలుగిళ్ళ అవతల గిన్నెలు మోగుతాయని వేళాకోళం. ఆఫీసులో మాత్రం ఆమె పేరు తేనె. ఫోను ఎత్తగానే గొంతు ఒక మెట్టు దిగుతుంది, మాటకూ మాటకూ మధ్య ఊపిరంత జాగా వస్తుంది, వాక్యం చివర చిరునవ్వు వినిపిస్తుంది. దానికి తోడు వెనకాల సెలయేటి చప్పుడూ వేణువూ మోగుతూనే ఉంటాయి, ఫోను పెట్టేదాకా ఆగవు. ఆ వేణువు చాటున ఎవరున్నారో కన్నతల్లి కూడా కనిపెట్టలేదు.

ఇక ఆ ఆఫీసు సంగతి. కింద టైర్ల షాపు, పైన పొడుగాటి గది. కిటికీ తీస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. గదిలో వరసగా బల్లలు, బల్లకో ఫోను, ఫోనుకు అయిదు చిన్న దీపాలు. ఆకుపచ్చది వెలిగితే కొండ, నీలం వెలిగితే సముద్రం. మిగతా మూడూ అడవి, చెరువు, తోట. కొండ మీద నిజంగానే ఒక కేంద్రం ఉంది, సముద్రం ఒడ్డునా ఉంది. అయిదు చోట్లా గదులూ పరుపులూ చెట్లూ పక్షులూ అన్నీ ఉన్నాయి. ఫోను మాత్రం అయిదింటికీ ఇక్కడే మోగుతుంది. కొండ నచ్చనివాడు అడవికి చేస్తాడు, అడవివాళ్ళ మీద నమ్మకం కుదరనివాడు చెరువుకు చేస్తాడు. నాలుగు చోట్ల విచారించి ఎంచుకున్నానని ఎవడికి వాడే మురిసిపోతాడు. ఎటు తిరిగినా వచ్చి పడేది ఈ టైర్ల షాపు నెత్తిమీదికే.

ఈ ముచ్చట బయట చెప్పకూడదని ఆఫీసు కట్టడి. గంటమ్మ ఇంట్లో కూడా చెప్పలేదు. మొదట్లో కట్టడికి భయపడి చెప్పలేదు, తర్వాత అలవాటై చెప్పలేదు, ఆ తర్వాత సిగ్గేసి చెప్పలేదు. “మాది సముద్రం దగ్గరి కేంద్రానికి సంబంధించిన ఆఫీసు” అని మాత్రం చెప్పింది. కాబట్టి ఆయన లెక్కలో పెళ్ళాం సముద్రం మనిషి. పెళ్ళానికి తెలియకుండా ఏదైనా చేసుకోవాలంటే కొండకు ఫోను చేస్తే చాలు. చేశాడు.

‘ఏమండీ, నేనే’ అని చెప్పేద్దామనుకుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన తీరు ఆమెకు తెలుసు. పట్టుకోబోతే జారిపోయే మనిషి. ‘ఏం లేదు, ఊరికే చేశాను’ అని నవ్వేసి పెట్టేస్తాడు, సాయంత్రం గట్టిగా అడిగితే ఎండ గురించి మాట్లాడతాడు. పైగా అప్పటికి ఆమెకు ఇంకా ధైర్యంగానే ఉంది. తన దగ్గర డ్రైవింగు నేర్చుకునే వాళ్ళెవరికో కనుక్కుంటున్నాడేమో అనుకుంది.

“ఎవరి కోసమండీ?” అంది.

“నాకే,” అన్నాడు.

బల్ల మీద గాజు కింద ఒక బొమ్మ ఉంటుంది. మఠం వేసుకుని కూర్చున్న మనిషి, వెన్ను పొడుగునా ఏడు రంగుల చక్రాలు. మూలాధారం నుంచి సహస్రారం దాకా ఏ చక్రానికి ఏ రంగు, ఏది మూసుకుపోతే ఏమవుతుంది అన్నీ గంటమ్మకు నోటికొచ్చు. రోగం ఏమిటని ఎప్పుడూ అడగకూడదు, చక్రాల వారీగా అడుగుతూ కింది నుంచి పైకి పోవాలి. అడుగున ఉన్నది ఇల్లూ వాకిలీ నిద్రా, కాబట్టి అడగడానికి తేలిక. మాటలో మాటగా ఎక్కుతూ పోతే అయిదోదైన గొంతు చక్రం దగ్గరికి వచ్చేసరికి ఎంత గుట్టు మనిషైనా కడుపులో ఉన్నది కక్కేస్తాడు. ఆ విద్యలో తేనెను మించినవాళ్ళు గదిలో లేరు.

“మూలాధారంతో మొదలుపెడదాం,” అంది. “మనం నిలబడే నేల లాంటిది అది. నిద్ర ఎలా ఉందండీ?”

“పడుతోందని మా ఆవిడ అనుకుంటోంది.”

గంటమ్మ కళ్ళు ఆ బొమ్మ మీదే ఉండిపోయాయి. పక్కలో గోడవైపు తిరిగి కదలకుండా పడుకునే ఆ వీపును చూసి ‘అదృష్టవంతుడు, పడుకోగానే పడుతుంది’ అని ఆమె అనుకోని రోజు లేదు.

“కళ్ళు మూసుకుని పడుకుంటానండీ,” అన్నాడాయన. “ఆమెకు పొద్దున్నే లేచి పనికి పోవాలి కదా. నేను దొర్లుతుంటే ఆమెకీ నిద్ర చెడుతుంది.”

రెండోదాన్ని అడగకుండా దాటేసింది. “తర్వాత... మణిపూరకం. బొడ్డు దగ్గర ఉంటుంది. అంటే తిండి, అరుగుదల.”

“అరుగుదల బాగానే ఉంటుందేమోనండీ, లోపలికి పోతే కదా. మింగుడు పడటం లేదు. గట్టివేవీ పోవు. పాలలోనో నీళ్ళలోనో నానబెట్టుకుని మింగుతున్నాను.”

పళ్ళెంలో రొట్టెను పాలలో ముంచి ముంచి తింటుంటే, ‘పళ్ళు రాని పిల్లాడిలా ఏమిటండీ ఆ తిండి’ అని నవ్వింది ఎవరు? తనే. ఆయన కూడా నవ్వాడు. నవ్వాడు కదా అని ఆమె ఇంకా నాలుగు మాటలు అంది.

నాలుగో చక్రం అనాహతం, గుండె దగ్గరిది. అక్కడ అడగాల్సింది అయినవాళ్ళ గురించి.

“ఇంట్లో చెప్పారా అండీ?”

ఫోనులో టిక్కు టిక్కుమని బండి సిగ్నలు కొట్టుకుంటోంది. పక్కకి ఆపుకుని మాట్లాడుతున్నాడన్నమాట. నేర్చుకునేవాళ్ళు లేనప్పుడు కూడా నియమం తప్పడు. ఆయన డ్రైవింగు స్కూలు మాస్టారు. నేర్పేవాడి వైపు స్టీరింగు ఉండదు, కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు మాత్రం ఉంటుంది. దానికి అలవాటుపడి ఎవరి బండి ఎక్కినా, ఆఖరికి సోఫాలో కూర్చున్నా, ఎదురుగా ఏదైనా వస్తే ఆయన కుడికాలు నేలను తొక్కుతుంది.

“చెప్పలేదండీ,” అన్నాడు. “మా ఆవిడకి నోట్లో నువ్వుగింజ నానదు. చెబితే సాయంత్రానికల్లా మా చెల్లెలికి తెలుస్తుంది, తెల్లారేసరికి వీధికి తెలుస్తుంది. అది కూడా కాదనుకోండి. ఆమె భయపడితే నేను చూడలేను. అదొక్కటే నాకు చేతకాదు.”

గంటమ్మకు కళ్ళు నిండిపోయాయి. తేనె మాత్రం అడిగేసింది.

“విశుద్ధి. గొంతు దగ్గరి చక్రం. అక్కడ ఏమైందండీ?”

సెలయేరు పారుతోంది, వేణువు ఊదుతున్నారు.

“మాట పలికే చోట కురుపు లాంటిది లేచిందన్నారండీ. ముక్క తీసి పరీక్షకు పంపారు. మంచిది కాదని వచ్చింది.” ఆగాడు. “ఆ మాట నేను ఇంతవరకూ పైకి అనలేదు. క్యాన్సర్.”

నెత్తిన పిడుగు పడ్డట్టు అంటారు. పిడుగైతే చప్పుడైనా అవుతుంది. ఇక్కడ ఏ చప్పుడూ లేదు. పక్క బల్ల దగ్గర అక్క ఎవరికో తోటలో విరిసే పూల గురించి చెబుతోంది, కింద షాపులో ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు, బల్ల మీది టీ ఇంకా వేడిగానే ఉంది. గంటమ్మ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. తనకు తెలియకుండా ఆయన గొంతులోంచి ముక్క తీశారు. ఏ రోజు తీశారు? కొత్తగా చేరిన పిల్ల క్లచ్చు వదలదు, అరిచి అరిచి గొంతు పోయిందని, గరిటెడు తేనె వేసుకుని సైగలతో మాట్లాడాడే, ఆ రోజా? ‘అమ్మయ్య, ఈ ఒక్కరోజన్నా ఇంట్లో నా మాటే నెగ్గుతుంది’ అని ఆ రోజు ఆమె జోకు కూడా వేసింది.

“హలో? ఉన్నారా అండీ?” అన్నాడాయన.

“ఉన్నాను,” అంది. తేనె కాస్త చిక్కబడింది. “డాక్టరు... డాక్టరు ఏమన్నారు?”

“గురువారం ఆపరేషన్ అన్నారు. ఇప్పుడు చిన్నదే, తీసేస్తే మాట నిలుస్తుంది, కాస్త బొంగురుపోతుంది అంతే అన్నారు. ఆలస్యం చేస్తే మొత్తానికి తీసెయ్యాలట, మాట ఉండదట. నాకు కత్తి అంటే భయమండీ. పక్కన కూర్చుని ‘మెల్లగా, మెల్లగా, బ్రేకు’ అనేవాణ్ణి. అది కూడా అనలేకపోతే నేనెందుకు? మీ శిబిరం కూడా గురువారమే మొదలని మీ ప్రకటన కాగితంలో చూశాను. కొండ మీద కొన్నాళ్ళుంటే ఆ చక్రం తెరుచుకుంటుందని, గడ్డ దానంతటదే కరుగుతుందని... అందుకని అన్ని చోట్లా కనుక్కుంటున్నాను. నిన్న అడవివాళ్ళకు కూడా చేశాను. వాళ్ళూ అచ్చం మీలాగే మాట్లాడారు.”

నిన్న! నిన్న టీ దగ్గర పక్కసీటు అక్క చెప్పిన మనిషి ఈయనే. ‘ఒకాయన ఉన్నాడే తేనే, మంచి మాటకారి. ఆపరేషన్ అంటే భయం. అడవికి రమ్మంటే అటూ ఇటూ ఊగుతున్నాడు’ అంది అక్క. ‘ఊగేవాణ్ణి తొయ్యడమెంతసేపు అక్కా, నా మాట వాడి చూడు’ అంది గంటమ్మ. అని బిస్కత్తు కొరికింది.

‘నా మాట’ అంటే ఉత్త మాట కాదు. ఎదుటి గోడ మీద రంగుల అక్షరాలతో రాయించి పెట్టారు దాన్ని. ‘డాక్టరు చెప్పింది విన్నారు. మీ ఒళ్ళు చెప్పేది విన్నారా?’ ఒకరోజు ఫోనులో ఊరికే నోటికొచ్చిన మాట అది. వినగానే అవతలి మనిషి ఏడ్చేసి వస్తానన్నాడు. మేనేజరు పొంగిపోయి గోడకెక్కించాడు. ఆ రోజు ఆమె ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళి, ఆ మాటను మొగుడికి రెండుసార్లు అభినయం చేసి మరీ చూపించింది.

“కానీ ఇదంతా నిజమేనా అని ఒక అనుమానం ఉండేదండీ,” అంటున్నాడాయన. “మా ఆవిడ చెప్పిన టీచరమ్మ సంగతి లేకపోతే నేను ఫోను చేసేవాణ్ణే కాదు. పాటలు నేర్పే టీచరమ్మ. ఆమెకూ గొంతులోనే గడ్డ. ఆపరేషన్ వద్దనుకుని సముద్రం దగ్గరికి వెళ్ళిందట. కరిగిపోయిందట. మళ్ళీ పాట పాడిందట. అలాంటివాళ్ళు మీ దగ్గర కూడా ఉన్నారా?”

గంటమ్మ ఇంతసేపూ ఆయనకు వచ్చిన జబ్బును తలచుకుని అదిరిపోయింది. ఇప్పుడు దానికంటే పెద్దది వచ్చి మీద పడింది. ఆయన్ని కొండ ఎక్కిస్తున్నది అక్క కాదు, ఆఫీసూ కాదు, కాగితమూ కాదు. తనే.

“మీరు...” అంది. తేనె గొంతును ఎలా వాడాలో మొదటిసారి ఆమెకు తెలియలేదు. “మీరు ముందు డాక్టరు చెప్పినట్టు చెయ్యండి. గురువారం అక్కడికే వెళ్ళండి. కొండ ఎక్కడికీ పోదు.”

అంతే, గది చివర అద్దాల అరలోంచి మేనేజరు లేచాడు. ఎవరు ఏ ఫోను మాట్లాడుతున్నా అక్కడ కూర్చుని వినే ఏర్పాటు ఉంది ఆయనకు. గదిలో అందరూ ఆయన్ని ప్రశాంతం అంటారు. ‘ప్రశాంతంగా, ప్రశాంతంగా’ అని రోజుకు పదిసార్లు కేకలు వేస్తాడు, ఆ కేకలకు కిటికీ మీది పావురాలు లేచిపోతాయి. ప్రశాంతం వచ్చి ఆమె భుజం వెనక నిలబడ్డాడు. కళ్ళెర్రజేసి గోడ మీది అక్షరాల వైపు వేలు చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ఇక ఆగలేదు, తన హెడ్‌ఫోన్ వైరు తెచ్చి ఆమె ఫోనుకు తగిలించుకున్నాడు. ఎవరైనా తడబడితే ఆయనే అందుకుంటాడు. చెప్పాలంటే ఆయన గొంతు తేనె కంటే తీపి.

“నమస్కారమండీ. నేను ఇక్కడ పెద్ద సాధకుణ్ణి,” అన్నాడు ప్రశాంతం. “మీ మాటలు విన్నాను. మీ భయం నాకు అర్థమైంది. ఒక్కటి అడుగుతాను, తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి. డాక్టరు చెప్పింది విన్నారు. మీ ఒళ్ళు చెప్పేది విన్నారా?”

అవతల ఒక నిట్టూర్పు.

“అరె!” అన్నాడు మాస్టారు. గొంతులో ఎంతో హాయి. “అచ్చం ఇదే మాట మా ఆవిడ కూడా అంటుందండీ! ఆమె చెప్పిందీ మీరు చెప్పిందీ ఒకటే అయిందంటే... ఇంకేం ఆలోచించను. రాసుకోండి సార్. గురువారం కొండకే వస్తాను.”

ప్రశాంతం బొటనవేలు పైకెత్తి చూపించాడు.

“ఏమండీ!” అంది గంటమ్మ.

తేనె గొంతుతో కాదు, గంట గొంతుతో. నాలుగిళ్ళ అవతల గిన్నెలు మోగే గొంతుతో. గదిలో ప్రతి ఫోనులోనూ వినపడింది ఆ కేక. అడవికి చేసినవాళ్ళూ చెరువుకు చేసినవాళ్ళూ తోటలో పూల గురించి వింటున్నవాళ్ళూ అందరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. పక్కసీటు అక్క చేతిలో గ్లాసు జారి బల్లంతా టీ అయింది.

“తేనే!” అన్నాడు ప్రశాంతం, ప్రశాంతత పూర్తిగా మరిచిపోయి. “కస్టమరు లైనులో ఉన్నాడు! బుద్ధుందా?”

“కస్టమరు కాదు. మా ఆయన.”

ప్రశాంతం నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. చేత్తో తడుముకుంటూ తన వైరు ఊడదీసుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

ఫోనులో సిగ్నలు టిక్కు టిక్కుమంటూనే ఉంది.

“గంటమ్మా?” అన్నాడు మాస్టారు. దారి తప్పినవాడు పిలిచినట్టు పిలిచాడు.

“నేనేనండీ.”

“నువ్వు... కొండ మీద ఏం చేస్తున్నావు?”

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది.

“కొండ మీద లేనండీ. టైర్ల షాపు మీదే ఉన్నాను. కొండ ఫోను మోగేదిక్కడే, సముద్రమూ ఇక్కడే. నిన్న అడవికి చేశారే, అదీ ఇక్కడే, మా పక్కసీటు అక్క ఎత్తింది. అన్నీ మేమే. మీకు చెప్పలేదు.”

“అయితే ఇందాకట్నుంచీ... చక్రాలన్నీ అడిగింది...”

“నేనే.”

“అంతా విన్నావా?”

“విన్నాను.”

ఆయన దగ్గు మొదలైంది. ముందు చిన్నది, కాస్త ఆగి పెద్దది. చివరి సవరింపు మాత్రం ఈసారి రాలేదు. మాట వచ్చింది. ఆ మాట వస్తుందనే ఆమె ఇంతసేపూ భయపడుతోంది.

“సరే, ఫోనుల సంగతి పోనీ. ఆ టీచరమ్మ? ఆమె ఉంది కదా?”

గదిలో ఇంకెవరూ మాట్లాడటం లేదు. ఫోనుల మీద రంగురంగుల దీపాలు వెలుగుతున్నాయి, ఎత్తేవాళ్ళు లేరు.

“ఉందండీ. ఆమె ఫోను చేసిన మాట నిజం. నేనే ఎత్తాను. సముద్రానికి పంపిన మాట కూడా నిజం. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ చెయ్యాలంటే నంబరు వేరే, అది ఇక్కడ మోగదు. తగ్గిందో, లేదో... అసలు ఉందో లేదో కూడా నాకు తెలియదండీ.”

“తగ్గిపోయిందన్నావుగా? మళ్ళీ పాడిందన్నావుగా?”

“నేనే తగ్గించాను,” అంది గంటమ్మ. “అన్నం దగ్గర. నేను చెబుతుంటే మీరు తినడం ఆపేసి ‘తర్వాత?’ అన్నారు. తర్వాత ఏముందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. మీరు అంత ఆశగా చూస్తుంటే... తగ్గిపోయిందన్నాను.”

పెట్టేశాడేమో అనుకుంది. పెట్టలేదు.

“ముందు ఆ వేణువు ఆపమను,” అన్నాడాయన.

ఆపే మీట ఎక్కడుందో ఇన్నాళ్ళలో ఆమె ఎప్పుడూ చూడలేదు. అక్క లేచి ప్లగ్గే పీకేసింది. సెలయేరూ వేణువూ ఒక్కసారిగా పోయాయి. అప్పుడు వినిపించింది, ఫోనులో ఆయన ఏడుస్తున్నాడు. అన్నేళ్ళ కాపురంలో ఆమె వినని చప్పుడు అదొక్కటే.

“ఎక్కడున్నారు?”

“స్కూలు వెనక రోడ్డులో. బండిలో.”

“కదలకండి. వస్తున్నా.”

ప్రశాంతం ఏదో అనబోయాడు. గంటమ్మ ఆయన వైపు చూసింది. అలా చూడటం ఎక్కడ నేర్చుకుందో ఆమెకే తెలియదు. ఆయన పక్కకు తప్పుకున్నాడు. మెట్ల దాకా వెళ్ళినది మళ్ళీ వెనక్కి వచ్చింది. బల్ల మీది తడిగుడ్డ తీసుకుని గోడ మీది అక్షరాలను తుడవబోయింది. మంచి రంగు వేయించినట్టున్నాడు, ఒక్క అక్షరమూ చెరగలేదు. గుడ్డ అక్కడే పడేసి వెళ్ళిపోయింది.

స్కూలు వెనక రోడ్డు ఎండలో ఖాళీగా ఉంది. నెత్తిమీద ఎర్రటి బోర్డుతో బండి ఒక వారగా ఆగి ఉంది. సిగ్నలు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. మాస్టారు స్టీరింగు ముందు కూర్చున్నాడు, రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి, నేర్చుకునేవాళ్ళకు పట్టుకోమని చెప్పే పద్ధతిలోనే. గంటమ్మ వెళ్ళి అవతలి తలుపు తీసి మాస్టారు కూర్చునే సీట్లో కూర్చుంది. కాళ్ళకు ఆ రెండో బ్రేకు తగిలింది.

ఆయన మెడ మీద, కాలరు చాటున, చిన్న దూది ముక్క అంటించి ఉంది. నిన్న పొద్దున ‘ఏమిటది?’ అని అడిగింది. గడ్డం గీసుకుంటుంటే తెగిందన్నాడు. నమ్మి ఊరుకుంది. పరీక్షకు సూది గుచ్చిన చోటై ఉంటుంది. ఎవరెవరి గొంతులోంచో ఎన్నెన్ని గుట్లు లాగిన మనిషి, పక్కనే ఉన్న మెడను చూడలేకపోయింది. కోపం వచ్చింది ఆమెకు, తన మీద. ఆయన మీద కూడా వచ్చింది.

“నాకెందుకు చెప్పలేదు?” అంది.

“నువ్వెందుకు చెప్పలేదు?” అన్నాడు.

ఆయన సిగ్నలు ఆపాడు. ఆమె వైపు తిరిగాడు. అన్నం దగ్గర ‘తర్వాత?’ అని అడిగినప్పుడు ఎలా చూసేవాడో అలాగే చూశాడు.

“గురువారం వెళితే... తగ్గుతుందంటావా?”

మాట నోటిదాకా వచ్చేసింది. ఎంత తేలికైన మాటో అది! ఎంతమందికి చెప్పిందో! ‘తగ్గిపోతుందండీ, ఏం కాదు’ అంటే చాలు, ఆ ముఖం వెలిగిపోతుంది. పెదవులు విడివడ్డాయి కూడా. గంటమ్మ కుడికాలు తనకు తెలియకుండానే బ్రేకును అడుగంటా తొక్కింది.

“తెలియదండీ,” అంది. “నేను మీ పక్కనే ఉంటాను. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు.”

ఆయన ముఖం వెలగలేదు. తల మాత్రం ఊపాడు, మెల్లగా, రెండుసార్లు. తర్వాత చెయ్యి చాచి ఆమె చేతిని పట్టుకున్నాడు. అలా పట్టుకునే, ఇంటికి వెళ్ళాక మొట్టమొదట తన చెల్లెలికి ఫోను చేసి అంతా చెప్పెయ్యమన్నాడు.